సోడా దుకాణంతో కాలేజీ, పత్రికతో సంఘం: దంత వైద్యులకు చట్టం దాకా దారి వేసిన రఫీయుద్దీన్ అహ్మద్

ఏటా డిసెంబరు 24న దేశంలోని దంత వైద్యులు తమ దినోత్సవం జరుపుకుంటారు. అది డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ పుట్టినరోజు. భారత్‌లో తొలి దంత వైద్య కళాశాల, తొలి దంత వైద్య పత్రికల్లో ఒకటి, ఇవాళ్టి ఇండియన్ డెంటల్ అసోసియేషన్‌కు మూలమైన సంఘం... ఈ మూడింటి వెనుకా ఉన్నది ఆయనే. వైద్యులు ఆయన్ను ఆర్. అహ్మద్ అని పిలుస్తారు. వృత్తి బయట ఆ పేరు తెలిసినవారు తక్కువ.

ఆయన జీవితాన్ని ఇప్పుడు మళ్లీ చూడటానికి ఢిల్లీలో ఒక కారణం ఉంది. దంత వైద్యుల చదువును, రిజిస్ట్రేషన్‌ను ఏడు దశాబ్దాలకు పైగా నడిపించిన 1948 నాటి దంత వైద్యుల చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో జాతీయ దంత వైద్య కమిషన్ చట్టం చేసింది. పాత చట్టం కింద ఏర్పడిన డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో, ప్రతి రాష్ట్రం నుంచి దంత వైద్యులు ఓటు వేసి ఎన్నుకున్న ప్రతినిధులు ఉండేవారు. కొత్త కమిషన్‌లో మొత్తం 33 మంది. వారంతా ఎంపిక ద్వారానో, నామినేషన్ ద్వారానో, హోదా రీత్యానో వచ్చేవారే. క్లినిక్ నడుపుకునే మామూలు వైద్యుడు నేరుగా ఓటేసి పంపే కుర్చీ జాతీయ స్థాయిలో ఇక లేదు.

అలాంటప్పుడు ఢిల్లీలోనో, నోయిడాలోనో, గురుగ్రామ్‌లోనో రెండు కుర్చీల క్లినిక్ నడుపుతున్న వైద్యుడు వృత్తి సంఘానికి ఏటా చందా ఎందుకు కట్టాలి? తిరిగి ఏం వస్తుంది? ఈ ప్రశ్న కొత్తది కాదు. ఓటు లేని, చట్టం లేని, కనీసం ఆ వృత్తికి పేరు కూడా సరిగా లేని రోజుల్లో దానికి జవాబు వెతికిన మనిషి అహ్మద్.

ఢాకా నుంచి అయోవా దాకా

రఫీయుద్దీన్ అహ్మద్ 1890 డిసెంబరు 24న తూర్పు బెంగాల్‌లోని ఢాకా ప్రాంతంలో పుట్టారు. చదువు కోసం అలీగఢ్ వచ్చారు. ఢిల్లీకి సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని ఆ ఊళ్లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ స్థాపించిన కళాశాల అప్పటికి ఇంకా విశ్వవిద్యాలయం కాలేదు. అహ్మద్ అక్కడ 1908లో చదువు పూర్తిచేశారు. ఆ మరుసటి సంవత్సరం తండ్రి చనిపోయారు. తర్వాత ఆయన అమెరికా బయలుదేరారు.

ఆ రోజుల్లో పై చదువులకు వెళ్లే భారతీయులు ఎక్కువగా ఇంగ్లండ్ ఓడ ఎక్కేవారు. బారిస్టరో, ఐసీఎస్సో, డాక్టరో అయి తిరిగి రావాలన్నది లక్ష్యం. అహ్మద్ అమెరికా వెళ్లడమే అరుదు. అక్కడ దంత వైద్యం చదవడం మరీ అరుదు. అయోవా విశ్వవిద్యాలయం నుంచి 1915లో ఆయన డాక్టర్ ఆఫ్ డెంటల్ సర్జరీ పట్టా అందుకున్నారు.

తర్వాత బోస్టన్‌లో ఫోర్సిత్ డెంటల్ ఇన్‌ఫర్మరీ అనే పిల్లల దంత వైద్యశాలలో 1918 వరకు పనిచేశారు. అది 1914లో తెరిచిన కొత్త ఆసుపత్రి. పేద పిల్లల పళ్లు చూడటమే దాని పని. పన్ను పాడయ్యాక పీకడం కన్నా, పాడవకుండా చూడటం వైద్యుడి బాధ్యత అన్న ఆలోచన అక్కడ రోజువారీ పనిగా సాగేది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో ఆయన స్వదేశం వచ్చారు.

అమెరికాలో ఆయన అడుగుపెట్టేనాటికి దంత వైద్యం అక్కడ స్థిరపడిన వృత్తి. దానికి పునాది మూడు పనులతో పడింది. 1839లో ఒక పత్రిక, 1840లో బాల్టిమోర్‌లో ఒక కళాశాల, అదే సంవత్సరం దంత వైద్యుల తొలి జాతీయ సంఘం. ఈ మూడూ ఒకదానికొకటి ఊతమిచ్చాయి. అయితే ఆ తొలి సంఘం ఎంతోకాలం నిలవలేదు. పిప్పి పళ్లలో పాదరసం కలిసిన మిశ్రమం నింపబోమని సభ్యులంతా సంతకం చేయాలని 1840లలో పట్టుబట్టింది. రోగులకు చవగ్గా దొరికే ఆ వైద్యాన్ని మానడం చాలామందికి ఇష్టం లేకపోయింది. సభ్యులు జారిపోయారు. 1856లో సంఘం మూతపడింది. మూడేళ్ల తర్వాత, 1859లో, ఇప్పటి అమెరికన్ డెంటల్ అసోసియేషన్ వేరుగా పుట్టింది. సభ్యుల రోజువారీ పనికి అక్కరకు రాని సంఘం ఎంత పెద్ద పేరున్నదైనా నిలవదన్నదానికి ఆ వృత్తి చరిత్రలోనే ఉన్న ఉదాహరణ అది.

పళ్లు పీకే బజారులో

1919 నాటి కలకత్తాలో పంటి నొప్పి వస్తే దారులు రెండు. డబ్బున్నవారికి యూరోపియన్ దంత వైద్యులు ఉండేవారు. మిగతావారికి బజారే దిక్కు. మంగలి, నాటు వైద్యుడు, సంతలో కూర్చుని పళ్లు పీకే మనిషి, వంశపారంపర్యంగా ఆ పని నేర్చుకుని చైనా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు. వీరిలో చెయ్యి తిరిగినవారూ ఉన్నారు, ప్రాణాల మీదకు తెచ్చేవారూ ఉన్నారు. ఎవరు ఎవరో రోగికి తెలిసే మార్గం లేదు.

పల్లెల్లో వేప పుల్ల, ఉప్పు, బొగ్గుపొడితోనే పళ్ల సంరక్షణ. నొప్పి ముదిరితే లవంగ నూనె, అదీ పనిచేయకపోతే పీకించుకోవడం. తెలుగు జిల్లాలదీ ఇదే కథ. దంత వైద్యం చదువుకోవాలంటే దేశంలో ఒక్క కళాశాల కూడా లేదు. వైద్య కళాశాలల్లో పళ్లకు దక్కే చోటు అంతంతమాత్రం. పన్ను పీకడం కూడా ఒక చదువేనా అని డాక్టర్లే చిన్నచూపు చూసే కాలం.

విదేశీ పట్టాతో వచ్చిన అహ్మద్‌కు తేలికైన దారి ఒకటి ఉంది. కలకత్తాలో మంచి వీధిలో క్లినిక్ పెట్టుకుని, సంపన్నులకు వైద్యం చేసి, హాయిగా బతకడం. పోటీ ఇచ్చే భారతీయ వైద్యులు లేరు కాబట్టి డబ్బుకు కొదవ ఉండేది కాదు. ఆయన ఆ పోటీని తానే తయారుచేసే పనికి దిగారు. 1920లో దంత వైద్య కళాశాల ప్రారంభించారు. దేశంలో అదే మొదటిది.

ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదు. విరాళాల మీద ఆధారపడకుండా ఆయన ఒక వ్యాపారం పెట్టారు. అమెరికాలో చూసివచ్చిన పద్ధతిలో న్యూయార్క్ సోడా ఫౌంటెన్ పేరుతో శీతల పానీయాల దుకాణం తెరిచారు. దాని ఆదాయం కళాశాలకు మళ్లింది. తీపి పానీయాల లాభంతో పళ్లు బాగుచేసే చదువు నడిచిందన్నది వినడానికి వింతగా ఉంటుంది. కానీ ఆ ఏర్పాటు లేకపోతే కళాశాల తొలి ఏళ్లు దాటేది కాదు. ఎందుకంటే మొదటి మూడేళ్లలో చేరిన విద్యార్థులు పదకొండు మందే. ఫీజులతో నడిచే సంస్థ అయితే రెండో ఏడాదే తాళం పడేది.

ఆ తొలి బృందాల్లోనే చదువుకున్న ఒక విద్యార్థిని తర్వాత ఉపఖండమంతటా తెలిసిన మనిషి అయ్యారు. ఆమె ఫాతిమా జిన్నా, మహమ్మద్ అలీ జిన్నా చెల్లెలు. కలకత్తాలో చదువు ముగించి 1923లో బొంబాయిలో దంత వైద్యశాల తెరిచారు. ముస్లిం కుటుంబాల ఆడపిల్లలకు వృత్తి విద్య అందని రోజుల్లో అహ్మద్ కళాశాల ఆమెకు చోటిచ్చింది.

పదకొండు మందికి సంఘం ఎందుకు?

1925 నాటికి అహ్మద్ మరో రెండు పనులు మొదలుపెట్టారు. బెంగాల్ డెంటల్ అసోసియేషన్ స్థాపించారు. ఇండియన్ డెంటల్ జర్నల్ తెచ్చారు. దానికి ఆయనే సంపాదకుడు. 1946 వరకు, అంటే రెండు దశాబ్దాలకు పైగా, ఆ బాధ్యత వదల్లేదు.

అర్హత ఉన్న దంత వైద్యుల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేంత ఉన్నప్పుడు సంఘం పెట్టడం తొందరపాటులా కనిపించవచ్చు. ఆయన లెక్క వేరు. కళాశాల నుంచి బయటికి వచ్చిన కుర్రవాడు సిల్హెట్‌లోనో, పాట్నాలోనో, మద్రాసులోనో ఒంటరిగా క్లినిక్ తెరుస్తాడు. పక్కవీధిలో బోర్డు పెట్టుకున్న నాటు వైద్యుడికీ అతడికీ తేడా ఏమిటో రోగికి తెలియదు. కొత్త మత్తుమందు గురించి, కొత్త పరికరం గురించి చెప్పేవారు లేరు. చేతికి వచ్చిన కఠినమైన కేసు గురించి అడగడానికి సాటి వైద్యుడు వంద మైళ్ల దూరంలోనూ ఉండడు. అయిదేళ్లు గడిచేసరికి నేర్చిన చదువు పాతబడుతుంది.

ఆ ఒంటరి వైద్యుడికి పత్రిక తోడు లాంటిది. ఉపన్యాసం వినడానికి కలకత్తా రాలేనివాడికి అది ఇంటికి వచ్చే తరగతి గది. సంఘం ఏం చేస్తోందో అని సభ్యుడు అడగక్కర్లేదు, తపాలాలో వచ్చే సంచికే జవాబు. వృత్తి సంఘాలు చాలావరకు సభలతో, సన్మానాలతో, ఎన్నికల గొడవలతో వార్తల్లోకి వస్తాయి. అహ్మద్ సంఘం పుట్టింది చదువుతోపాటు.

1928లో ఆయన దంత చికిత్స పద్ధతులపై విద్యార్థులకు కరదీపిక లాంటి పాఠ్యపుస్తకం కూడా రాశారు. అప్పటిదాకా భారతీయ విద్యార్థి చదివినవన్నీ విదేశీ పుస్తకాలు, విదేశీ ధరలు. కళాశాల, పత్రిక, సంఘం, పుస్తకం. ఎనిమిదేళ్లలో ఒక మనిషి చేతుల మీదుగా వచ్చిన ఈ నాలుగూ కలిసి, అంతవరకు బజారు పనిగా ఉన్నదాన్ని వృత్తిగా నిలబెట్టాయి.

1930లలో ఇతర నగరాలూ కదిలాయి. బొంబాయిలో 1933లో నాయర్ ఆసుపత్రి దంత కళాశాల, లాహోర్‌లో 1934లో డీమాంట్‌మోరెన్సీ కళాశాల వచ్చాయి. మద్రాసు, హైదరాబాద్ ఆ జాబితాలోకి రావడానికి స్వాతంత్ర్యం దాకా ఆగాల్సివచ్చింది. అందాకా తెలుగు విద్యార్థికి దంత వైద్యం చదవాలంటే దూరప్రయాణమే.

మున్సిపాలిటీ నుంచి చట్టసభ గడప దాకా

చదువు ఒక్కటే చాలదని అహ్మద్ త్వరగానే గ్రహించారు. పట్టా ఉన్నవాడికీ లేనివాడికీ చట్టం దృష్టిలో తేడా లేనంతకాలం, నాలుగేళ్లు చదివి వచ్చినవాడు నష్టపోతాడు. ఇక రోగి ప్రాణాలకు పూచీ అసలే లేదు. దీన్ని మార్చే అధికారం సంఘానికి లేదు, చట్టసభకే ఉంది.

ఆయన ప్రజా జీవితంలోకి వచ్చారు. 1932 నుంచి 1936 వరకు కలకత్తా కార్పొరేషన్‌లో కౌన్సిలర్‌గా, 1942 నుంచి 1944 వరకు ఆల్డర్‌మన్‌గా ఉన్నారు. ఆ రోజుల్లో కలకత్తా కార్పొరేషన్ అంటే చిత్తరంజన్ దాస్, సుభాష్ చంద్రబోస్ మేయర్లుగా పనిచేసిన సభ. బెంగాల్ రాజకీయ నాయకులందరికీ అది పాఠశాల.

1939లో బెంగాల్ దంత వైద్యుల చట్టం వచ్చింది. దంత వైద్యాన్ని నియంత్రిస్తూ భారత్‌లో వచ్చిన మొదటి చట్టం ఇదే. దాని వెనుక అహ్మద్ ఏళ్ల తరబడి చేసిన కృషి ఉంది. సంఘం తన సభ్యులకు ఇచ్చిన విలువల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే అనుకోవచ్చు. ఒక్కో వైద్యుడు విడివిడిగా ఎన్ని అర్జీలు పెట్టినా రాని గుర్తింపు, నలుగురూ ఒక గొంతుతో అడిగినందువల్ల వచ్చింది.

కానీ అది ఒక్క రాష్ట్రానికే. బెంగాల్ సరిహద్దు దాటితే మళ్లీ పాత బజారే. అసలు పని ఢిల్లీలో జరగాలి.

ఢిల్లీలో చట్టం, అందులో ఒక రాజీ

స్వతంత్ర భారత ఆరోగ్య వ్యవస్థకు చిత్రపటం గీసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. అందులోని ఒక అంకె చూస్తే దంత వైద్యం ఎక్కడుందో తెలుస్తుంది. దాదాపు 30 కోట్ల జనాభా ఉన్న బ్రిటిష్ ఇండియాలో అర్హత ఉన్న దంత వైద్యులు సుమారు వెయ్యి మంది. అంటే మూడు లక్షల మందికి ఒకరు. నాలుగు వేల మందికి ఒకరు ఉండాలన్నది కమిటీ పెట్టిన దీర్ఘకాల లక్ష్యం.

ఈ కీలక సంవత్సరాల్లోనే, 1940ల మధ్యలో, అహ్మద్ దంత వైద్యుల జాతీయ సంఘానికి వరుసగా మూడు దఫాలు అధ్యక్షుడిగా ఉన్నారు. 1948 మార్చిలో దంత వైద్యుల చట్టం వచ్చింది. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఐటీఓకు దగ్గర్లోని కోట్లా రోడ్డు చిరునామాతో దేశంలోని దంత వైద్యులందరికీ పరిచయమైన సంస్థ ఇదే.

ఆ చట్టం తీరు తెలుసుకోవాల్సిందే. అన్నిటికన్నా చిక్కు ప్రశ్న ఒకటి ఉంది. పట్టా లేకుండానే పదేళ్లు, ఇరవై ఏళ్లు ఈ పని మీదే బతుకుతున్నవారిని ఏం చేయాలి? పట్టా ఉన్నవారి సంఘం వారిని పూర్తిగా బయటికి నెట్టమని అడగడం సహజం. కానీ వెయ్యి మందితో దేశం నడవదు. అప్పటిదాకా జనం పళ్లు చూసినవారు ఎక్కువగా ఆ పట్టా లేనివారే.

బ్రిటన్‌కూ ఇదే ఇబ్బంది ఎదురైంది. అక్కడ 1921లో చేసిన చట్టం, కొన్నేళ్లుగా ఆ పనిలో ఉన్నవారిని చదువు లేకున్నా రిజిస్టరులోకి రానిచ్చి, ఆ తర్వాత తలుపు మూసింది. భారత చట్టం కూడా దాదాపు అదే దారి పట్టింది. రిజిస్టరును రెండు భాగాలు చేసింది. గుర్తింపు పొందిన పట్టా ఉన్నవారు ఎ భాగంలో. పట్టా లేకపోయినా కనీసం అయిదేళ్లుగా ఇదే ముఖ్య జీవనాధారంగా ఉన్నవారు బి భాగంలో. దేశ విభజనతో ఇల్లూవాకిలీ వదిలి వచ్చిన దంత వైద్యులకూ తర్వాత వెసులుబాటు కల్పించారు. పంజాబ్ నుంచి శరణార్థులతో నిండిపోయిన ఢిల్లీకి అది పేరుకు మాత్రమే ఇచ్చిన రాయితీ కాదు.

రిజిస్టరులో లేనివారు గడువు తర్వాత దంత వైద్యం చేయడం నిషిద్ధం. అందులోనూ ఒక మినహాయింపు పెట్టారు. అత్యవసరమై, దగ్గర్లో రిజిస్టర్డ్ వైద్యుడు దొరకనప్పుడు, మత్తు ఇవ్వకుండా ఎవరైనా పన్ను పీకవచ్చు. పల్లెల్లో అర్ధరాత్రి పంటి నొప్పి ఎలా ఉంటుందో తెలిసినవారు రాసిన నిబంధన అది.

బి భాగంపై పట్టా ఉన్నవారికి అసంతృప్తి ఉండటంలో ఆశ్చర్యం లేదు. కానీ ఆ రాజీ వల్ల రెండు మేళ్లు జరిగాయి. బతుకుతెరువు పోతుందన్న భయంతో చట్టాన్ని అడ్డుకునేవారు తగ్గారు. ఆ తరం గడిచాక రిజిస్టరులో మిగిలేది చదువుకున్నవారే అన్న భరోసా కుదిరింది. తన సభ్యుల లాభం ఒక్కటే చూసుకునే సంఘం ఇలాంటి చట్టాన్ని ఒప్పుకోదు. కానీ రోగుల అవసరాన్ని పక్కనపెట్టిన చట్టం ప్రభుత్వం చేయదు. రెంటి మధ్య దారి దొరికింది కాబట్టే అది ఏడు దశాబ్దాలు నిలిచింది.

ఇంకో ముఖ్యాంశం ప్రాతినిధ్యం. ప్రతి రాష్ట్ర రిజిస్టరులో ఎ భాగంలో ఉన్న వైద్యులు ఓటేసి ఒకరిని జాతీయ కౌన్సిల్‌కు పంపే హక్కు పొందారు. పాతికేళ్ల క్రితం ఒక నగరంలో చిన్న సంఘంగా మొదలైన వృత్తికి, తన చదువు ఎలా ఉండాలో తానే చెప్పుకునే వేదిక ఢిల్లీలో దొరికింది.

ఇచ్చేసి వెళ్లిపోవడం

1947 విభజన అహ్మద్ జీవితాన్ని కూడా చీల్చింది. పుట్టిన ఊరు తూర్పు పాకిస్తాన్‌లోకి పోయింది. పాత విద్యార్థిని ఫాతిమా జిన్నా సరిహద్దు అవతల కొత్త దేశానికి ముఖ్యమైన గొంతు అయ్యారు. అహ్మద్ కలకత్తాలోనే ఉండిపోయారు.

1949లో తన కళాశాలను పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి అప్పగించారు. మూడు దశాబ్దాలు సొంత డబ్బుతో, సోడా దుకాణం డబ్బుతో పెంచిన సంస్థ అది. ఆస్తిగా ఉంచుకుని కుటుంబానికి ఇవ్వవచ్చు, ట్రస్టు పెట్టి చేతుల్లో ఉంచుకోవచ్చు. ప్రభుత్వ పరం చేయడంతో ఆయన తర్వాత కూడా అది సాగింది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ ఆర్. అహ్మద్ దంత వైద్య కళాశాల, ఆసుపత్రి. పత్రిక సంపాదకత్వం 1946లో, సంఘం అధ్యక్ష పదవి ఆ తర్వాత, కళాశాల 1949లో. మూడేళ్ల వ్యవధిలో ఒక్కొక్కటే వదిలారు. స్థాపించినవాడే చివరిదాకా కుర్చీలో కూర్చునే సంస్థలు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. అవి అతడితోనే ముసలివవుతాయి. అహ్మద్ సంస్థలకు ఆ గతి పట్టలేదు.

1950లో ఆయన పశ్చిమ బెంగాల్ మంత్రివర్గంలో చేరారు. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ కూడా పేరుమోసిన వైద్యుడే. అహ్మద్ చూసిన శాఖల్లో వ్యవసాయం, సహకారం, సమాజాభివృద్ధి, సహాయ పునరావాసాలు ఉన్నాయి. తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులు విడతలు విడతలుగా వస్తున్న రాష్ట్రంలో పునరావాసం నిత్యం నిప్పుల మీద నడకే. ఢాకా ప్రాంతం నుంచి వచ్చిన ముస్లిం మంత్రి, అదే వైపు నుంచి వచ్చిన హిందూ శరణార్థుల గోడు వినే కుర్చీలో ఉండటం ఆ కాలపు విచిత్రాల్లో ఒకటి.

1964లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. ఆ పురస్కారం పొందిన మొదటి దంత వైద్యుడు ఆయనే. మరుసటి సంవత్సరం, 1965లో, ఆయన కన్నుమూశారు.

చట్టం వచ్చాక సంఘం ఏం చేయాలి?

అహ్మద్ తరం సంఘానికి లక్ష్యాలు స్పష్టంగా ఉన్నాయి. కళాశాలలు కావాలి, రిజిస్టరు కావాలి, చట్టం కావాలి. అవన్నీ వచ్చాక సమస్య తలకిందులైంది. అప్పట్లో అర్హులు దొరకలేదు. ఇప్పుడు దేశంలో దంత కళాశాలలు 300కు పైనే. ఫరీదాబాద్, గాజియాబాద్, గ్రేటర్ నోయిడా, గురుగ్రామ్‌లలో కళాశాల బస్సులు తిరగని ప్రధాన రహదారి అరుదు. ఢిల్లీలో ఎయిమ్స్, మౌలానా ఆజాద్, జామియా మిలియా వంటి ప్రభుత్వ సంస్థలు వేరే ఉన్నాయి. పట్టభద్రులకు మాత్రం ఉద్యోగాలు తక్కువ, నగరాల్లో క్లినిక్ పక్కన క్లినిక్. పల్లెల్లో పంటి వైద్యుడు ఇప్పటికీ దూరమే.

సభ్యుడి ఇబ్బందులూ మారాయి. విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో చదివి ఢిల్లీలో స్థిరపడాలనుకునే వైద్యుడికి ముందు రిజిస్ట్రేషన్ బదిలీ కాగితాలు. క్లినిక్ తెరిచాక ఎక్స్-రే యంత్రానికి అణుశక్తి నియంత్రణ బోర్డు నిబంధనలు, సూదులు, పీకిన పళ్లు పారేయడానికి 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నియమాలు. గుండెల్లో గుబులు పెట్టేది ఇంకొకటి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. ఆ కేసులో డాక్టర్ల తరఫున కోర్టుకెక్కింది ఇండియన్ మెడికల్ అసోసియేషన్. వారు ఓడిపోయారు. ఆ తర్వాత వైద్య సంఘాల విలువ వేరే రూపంలో కనిపించింది. కేసు పడితే లాయరు ఖర్చు, పరిహారం భరించే వృత్తి రక్షణ పథకాలు సభ్యత్వానికి కొత్త ఆకర్షణ అయ్యాయి.

బీమా మంచిదే. కానీ బీమా కంపెనీ కూడా అమ్మగలిగేదాన్ని అమ్ముతూ సంఘం ఎంతకాలం ప్రత్యేకంగా ఉంటుంది? అహ్మద్ జీవితం చూపే గీటురాయి ఇక్కడ పనికొస్తుంది. ఆయన సంఘం సభ్యుడికి ఇచ్చినవి మూడు. పాతబడని చదువు, దొంగ వైద్యుడి నుంచి తనను వేరుచేసే గుర్తింపు, ప్రభుత్వం ముందు ఒక గొంతు. ఈ మూడూ అతడు ఒంటరిగా, డబ్బు పెట్టి కొనుక్కోలేనివి.

అందులో మూడోది ఇప్పుడు మళ్లీ ప్రశ్నార్థకమైంది. ఎన్నికైన కౌన్సిల్ పోయి, నియమితుల కమిషన్ రావడానికి కారణాలు లేకపోలేదు. కళాశాలల తనిఖీలు, అనుమతుల విషయంలో పాత కౌన్సిల్ మీద ఆరోపణలు వచ్చాయి. ఎన్నికలు ఉన్నంత మాత్రాన నిజాయతీ రాదని ఆ చరిత్ర చెబుతోంది. అయితే కమిషన్‌లో ఓటు లేని వైద్యుడి మాట ఢిల్లీకి చేరాలంటే స్వచ్ఛంద సంఘం తప్ప వేరే దారి ఏముంది? 1925లో ఎలా ఉందో, ఆ మేరకు పరిస్థితి అక్కడికే వచ్చింది. సంఘానికి అధికారం లేదు. ఉన్నదల్లా సభ్యుల సంఖ్య, చెప్పే మాటలోని బలం.

ఆ బలం ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు విషయం. అహ్మద్ అర్జీలతో మొదలుపెట్టలేదు. ముందు చదువు చెప్పారు, పత్రిక నడిపారు, ఆ తర్వాతే చట్టం అడిగారు. అడిగిన చట్టంలో కూడా పట్టా లేనివారికి, పల్లె రోగికి చోటు మిగిలింది. సభ్యుల జేబు గురించే మాట్లాడే సంఘాన్ని ప్రభుత్వం ఒక వ్యాపార వర్గంగా చూస్తుంది. జనం పళ్ల గురించి కూడా మాట్లాడే సంఘం మాట వినక తప్పదు. డిసెంబరు 24న పాఠశాలల్లో జరిగే ఉచిత శిబిరం ఫొటోల కోసమా, పిల్లల కోసమా అన్నది ఆ రోజే తేలదు. మర్నాడు ఆ పిల్లల్లో పిప్పి పళ్లున్నవారిని ఎవరు కుర్చీలో కూర్చోబెట్టారో చూస్తే తెలుస్తుంది.